కూచిపూడి ఇనాము, ధర్మశాల కౌలు

బందరు రోడ్డు మీద కంకిపాడు, ఉయ్యూరు దాటి పామర్రు కూడలికి చేరుకుంటే దారి మూడుగా చీలుతుంది. ఎడమకు గుడివాడ, సూటిగా మచిలీపట్నం, కుడికి చల్లపల్లి. కుడివైపు మళ్ళిన కొద్దిసేపటికే కూచిపూడి వస్తుంది. జనవరి నెలలో ఆ దారి పొడవునా వరి కోసిన మళ్ళలో మినుము పచ్చగా పరుచుకొని ఉంటుంది. కాలువ గట్ల మీద తాటిచెట్లు, గడ్డివాములు, అక్కడక్కడ చెరకు బండ్లు. కృష్ణా డెల్టాలో ఏ ఊరికి వెళ్ళినా కనిపించే దృశ్యమే. ఊరి మొదట్లో ఉన్న సిద్ధేంద్రయోగి పేరు చూసిన తరువాత గాని, ప్రపంచమంతా నాట్యం పేరుగా ఎరిగిన మాట నిజానికి ఈ చిన్న ఊరి పేరేనన్న సంగతి మనసుకు ఎక్కదు.

ఈ ఊరికీ మన చరిత్రకూ ఒక ముడి ఉంది. గోల్కొండ చివరి సుల్తాను అబుల్ హసన్ కుతుబ్ షా, అంటే మన పెద్దలు చెప్పుకునే తానీషా, మచిలీపట్నం వైపు పర్యటిస్తూ ఇక్కడి భాగవతుల ప్రదర్శన చూసి సంతోషించి, ఊరిని ఆ కుటుంబాలకే ఇనాముగా ఇచ్చాడని తరతరాలుగా చెప్పుకుంటారు. ఇది 1678 ప్రాంతపు మాట అంటారు. ఒక ముస్లిం పాలకుడు బ్రాహ్మణ భాగవతులకు ఊరు రాసిచ్చాడన్నది ఈనాడు కొందరికి వింతగా తోచవచ్చును. అక్కన్న, మాదన్నలను మంత్రులుగా పెట్టుకొన్న పాలకునికి అది వింత కాదు. ఆ దానానికి సంబంధించి చరిత్రకారులు తరచుగా ప్రస్తావించే కాగితం మరొకటి ఉంది. 1763 నాటి ఆస్తి పంపకపత్రం అది. అందులో పదిహేను ఇంటిపేర్లు నమోదయ్యాయి. తానీషా 1687లో రాజ్యం కోల్పోయి దౌలతాబాదు కోటలో బందీగా కన్నుమూశాడు. ఆయన రాజ్యం పోయిన ముప్పావు శతాబ్దం తరువాత కూడా, ఆయన ఇచ్చిందని చెప్పుకునే ఊరిలో ఎవరి వాటా ఎంతో కాగితం మీద రాసుకుంటూ ఉన్నారన్నమాట.

నాట్యం విషయంలో మన ఇళ్ళలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. ఆ చర్చ ఇక్కడ మా పని కాదు. మేము కూచిపూడికి వెళ్ళినది నాట్యం చూడడానికి కాదు. గడచిన శీతాకాలంలో పది ఆదివారాలు విజయవాడ నుంచి బస్సులో వెళ్ళి, అక్కడి కొందరికి సొంతంగా వెబ్‌సైటు కట్టుకోవడం నేర్పి వచ్చాము. ఆ పని మాకు ఎలా తగిలిందో చెప్పాలంటే పాఠకులను ముందుగా ధర్మశాలకు తీసుకువెళ్ళాలి.

శీతాకాలం రాగానే విజయవాడలో పేవ్‌మెంట్ల మీద స్వెట్టర్ల దుకాణాలు వెలుస్తాయి. వాటిని నడిపేవారిలో టిబెటన్లు ఎక్కువ. చాలామంది కర్ణాటకలోని బైలకుప్పె వంటి శిబిరాల నుంచి వస్తారు. లూధియానాలో సరుకు కొని తెచ్చి, మూడు నెలలు అమ్ముకొని, వేసవి తలెత్తక ముందే వెళ్ళిపోతారు. మేమిద్దరం భార్యాభర్తలం; విద్యార్థులకు వెబ్‌సైట్ల తయారీ నేర్పడమే మా జీవనాధారం. పిల్లలకు ఏటా స్వెట్టర్లు కొనే దుకాణంలో ఒక పెద్దమ్మతో పరిచయం పెరిగింది. మా పని తెలుసుకొని ఆమె ఒకసారి, ధర్మశాలలో తన చెల్లెలి కొడుకు పనిచేసే చోట ఇటువంటి చదువు చెప్పేవారు కావాలని అన్నది. ఆ మాట పట్టుకొని, వేసవి సెలవులలో నాలుగు వారాలకు బయలుదేరాము. రైలులో పఠాన్‌కోట వరకు, అక్కడి నుంచి కొండదారిలో బస్సు.

మా ఇద్దరి దగ్గరా పాస్‌పోర్టులు లేవు, వాటి అవసరమూ పడలేదు. అయినా అది పరదేశమే. 1959 మార్చిలో లాసా విడిచి వచ్చిన 14వ దలైలామా మరుసటి సంవత్సరం నుంచి అక్కడ నివసిస్తున్నారు. దేశం లేని ఒక ప్రభుత్వం అక్కడ ఉంది. దానికి పార్లమెంటు ఉంది, విద్యాశాఖ ఉంది, 1970లో స్థాపించిన గొప్ప గ్రంథాలయం ఉంది. దుకాణాల బోర్డులు మూడు లిపులలో ఉంటాయి. స్వచ్ఛంద సేవకు వచ్చే విదేశీయులకు కొదవ లేదు. ఇంగ్లీషు సంభాషణ నేర్పేవారు, కంప్యూటరు నేర్పేవారు వారాల లెక్కన వచ్చి పోతూ ఉంటారు. 2005లో ఎయిర్‌జల్దీ పేరిట ఆ కొండల మీద వైర్‌లెస్ ఇంటర్నెట్టు వల అల్లినవారు కూడా అటువంటి వారే, స్థానిక యువకులతో చేతులు కలిపి పని చేసినవారు. ఆ వల లేకపోతే మా తరగతి ఉండేది కాదు.

మేము మొదటి రోజు మమ్మల్ని పరిచయం చేసుకున్నప్పుడు తరగతిలో ఒక యువకుడు మా పేర్లు వినగానే, "ఖాచే!" అన్నాడు. అందరూ నవ్వారు. అందులో ఎగతాళి లేదు. ముస్లిములను టిబెటన్ భాషలో ఖాచే అంటారట. అది కాశ్మీరుకు వారి పేరు. కాశ్మీరు, లడఖ్‌ల నుంచి వర్తకానికి వెళ్ళి లాసాలో స్థిరపడినవారి వల్ల ఆ మాట మతం పేరుగా మారింది. ఖాచే ఫలూ పేరిట ఉన్న హితబోధల పుస్తకం టిబెటన్ ఇళ్ళలో సుప్రసిద్ధం. ఆ సాయంకాలం ఒక వృద్ధ భిక్షువు మాకు ఒక కథ చెప్పాడు. 5వ దలైలామా తన మహలు నుంచి చూస్తూ ఉండగా, దూరాన కొండ మీద ఒక వ్యక్తి ప్రతిరోజూ ఒంటరిగా ప్రార్థన చేసుకోవడం కనిపించిందట. పిలిపించి అడిగితే, తాను ముస్లింనని, ఊరిలో మస్జిదు లేదు గనుక కొండ మీద నమాజు చేసుకుంటున్నానని చెప్పాడట. అప్పుడు ఒక విలుకాడిని పిలిపించి బాణం వేయించి, అది పడిన చోట మస్జిదుకూ ఖబరస్తానుకూ నేల ఇప్పించాడని కథ. లాసా వెలుపల ఆ స్థలాన్ని ఇప్పటికీ దూరపు బాణం తోట అన్న అర్థం వచ్చే పేరుతోనే పిలుస్తారు.

ఆ కథ విన్న రాత్రి మాకు నిద్ర పట్టలేదు. 5వ దలైలామా 1682లో మరణించాడు. తానీషా 1672లో సింహాసనం ఎక్కాడు. అంటే ఇంచుమించు పదేళ్ళు ఇద్దరూ ఒకే కాలంలో రాజ్యం చేశారు. ఒక బౌద్ధ పాలకుడు హిమాలయాల అవతల ముస్లిములకు నేల ఇచ్చాడని అక్కడ చెప్పుకుంటారు, ఒక ముస్లిం పాలకుడు కృష్ణా తీరాన బ్రాహ్మణులకు ఊరు ఇచ్చాడని ఇక్కడ చెప్పుకుంటారు. ఒకరి పేరు మరొకరు విని ఉండరు.

అయితే ఆ బాణం తోట వారికి కూడా చివరికి ఊరు దక్కలేదు. 1959 తిరుగుబాటు తరువాత లాసా ఖాచేలలో చాలామంది తమ కాశ్మీరు మూలాలను చూపి, 1960లో భారతదేశానికి రాగలిగారు. మొదట కాలింపాంగు, డార్జిలింగు; తరువాత ఎక్కువమంది శ్రీనగరు. అక్కడ ఈద్‌గా దగ్గరా, హవల్‌లోనూ వారి కాలనీలు ఉన్నాయి. కాశ్మీరులో వారు టిబెటన్లు, టిబెటన్లలో వారు కాశ్మీరీలు.

ఇక తరగతి సంగతి. పదకొండు మంది విద్యార్థులు. ఇద్దరు భిక్షువులు, ఒక భిక్షుణి, తివాచీలు నేసే సహకార సంఘం నుంచి ఒక నడివయసు స్త్రీ, వృద్ధాశ్రమంలో లెక్కలు రాసే ఒకతను, మిగిలినవారు కళాశాల ముగించిన యువతీ యువకులు. మేము తరగతి పెట్టిన చిన్న కార్యాలయానికి అప్పటికే ఆరేళ్ళలో మూడు వెబ్‌సైట్లు కట్టారు. ఒకటి కూడా బతికి లేదు. ఒక్కొక్కటి ఒక్కొక్క స్వచ్ఛంద సేవకుడు ఎంతో ప్రేమతో, రాత్రిళ్ళు మేలుకొని కట్టినదే. మొదటిదాని పాస్‌వర్డు కట్టినతను వెళ్ళిపోతూ ఎవరికీ చెప్పలేదు. రెండవదాని రుసుము అతడి సొంత బ్యాంకు కార్డు మీద నడిచింది. కార్డు గడువు తీరగానే సైటు ఆగింది. మూడవదాని చిరునామాను సకాలంలో పునరుద్ధరించకపోవడంతో ఇంకెవరో కొనుక్కున్నారు. అనాథ పిల్లల చదువుకు సహాయం కోరుతూ అచ్చువేసిన కరపత్రాలలో ఇంకా ఆ చిరునామాయే ఉంది. దాన్ని తెరిస్తే జూదం ప్రకటనలు వస్తున్నాయి.

మేలు చేయాలన్న తొందర ఒక్కొక్కసారి మేలు పొందేవారి చేతిలో ఏమీ మిగల్చదు. వచ్చినవాడికి నాలుగు వారాలే వ్యవధి. అందులో అందమైన వెబ్‌సైటు కట్టి చూపితే అతడికి తృప్తి, ఫోటోలు, పొగడ్త. నేర్పడం మొదలుపెడితే నాలుగు వారాల చివర చూపడానికి వంకరటింకర పేజీలు రెండు మిగులుతాయి. మేము రెండవదాన్నే ఎంచుకొన్నాము. మొదటి రోజు కంప్యూటర్లు తెరవనే లేదు. బజారు నుంచి గట్టి అట్టల పుస్తకం ఒకటి తెప్పించాము. చిరునామా ఎవరి పేర నమోదైంది, గడువు ఎప్పుడు, రుసుము ఎంత, చెల్లించేది ఎవరు, తాళంచెవి ఏ ఇద్దరి దగ్గర ఉంది, పేజీల నకలు ఏ డిస్కులో ఉంది అన్న వివరాలకు గళ్ళు గీయించాము. పాస్‌వర్డు మాత్రం ఆ పుస్తకంలో రాయకూడదు. అది సీలువేసిన కవరులో సంస్థ ఇనప్పెట్టెలో ఉండాలి.

వెబ్ చిరునామా సొంత ఆస్తి కాదని చెప్పడానికి మాకు మా డెల్టా మాటే ఉపయోగపడింది. మా ప్రాంతంలో పూర్వం చేను రెండు విధాలుగా చేతికి వచ్చేది. ఒకటి ఇనాము, ఇచ్చినవాడు పోయినా నిలిచేది. రెండవది కౌలు, ఏటా కట్టవలసినది కడితేనే దున్నుకోనిచ్చేది. వెబ్ చిరునామా ఎప్పటికీ కౌలే. ఏ కంపెనీ దగ్గర కొన్నామన్నా, కొన్నది గడువు వరకే. ఆ చిరునామాలో మనం ఉంచే పేజీలు కౌలు చేనిలో వేసుకొన్న పాక వంటివి. పాకకు వాడిన తాటాకు, వెదురు మనవే గనుక నకలు ఉంచుకొంటే మరొక చోట మళ్ళీ వేసుకోవచ్చును. ఈ సంగతి విజయవాడలో మా విద్యార్థులకు ఎక్కించడానికి ఒక పూట పడుతుంది. ధర్మశాలలో అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. తివాచీల సంఘం స్త్రీ తన సంచిలో నుంచి మడతలు పడిన చిన్న పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. అది ఆమె రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టు. భారతదేశంలో ఉండడానికి టిబెటన్లకు ఇచ్చే పత్రం అది, గడువు తీరేలోగా వెళ్ళి పొడిగించుకోవాలి. "ఇది కూడా కౌలే కదా" అన్నది. ఇక్కడే పుట్టిన మనిషి ఆమె.

రెండవ వారం లిపితో గడిచింది. వారి అక్షరమాల కూడా క, ఖ, గ, ఙ అనే మొదలవుతుంది. ఒక భిక్షువు తన వరుస చదివితే, మేము మా వరుస చదివాము. కొంత దూరం కలిసి నడిచి, వారు ఘ వంటి ఒత్తక్షరాలను వదిలేసి ముందుకు పోయారు. మన ఒత్తుల మాదిరే వారికీ అక్షరం కింద అక్షరం పేరుతుంది. ఒక్కొక్కచోట మూడు అంతస్తులు కూడా. వరుసల మధ్య ఎడం చాలకపోతే పై వరుస కాళ్ళు కింది వరుస తలలకు తగులుతాయి. తెలుగు పేజీలు కట్టినవారికి ఈ బాధ కొత్త కాదు. మరొక చిక్కు మాత్రం మాకు కొత్త. వారు మాటల మధ్య ఖాళీ వదలరు. అక్షర గుచ్ఛాల మధ్య చిన్న చుక్క పెడతారు. వరుసను ఎక్కడ విరవాలో తెలియని పాత బ్రౌజర్లలో వాక్యం తెర దాటి పోయేది. తెలుగుకు యూనికోడ్‌లో 1991లోనే చోటు దక్కగా, టిబెటన్ లిపికి 1996లో దక్కింది. అంతకు ముందు ఎవరి ఖతి వారిదే. ఒకరు టైపు చేసినది మరొకరి దగ్గర తెరుచుకొనేది కాదు.

ఆ వృద్ధ భిక్షువు ఒకసారి మా ఊరు ఎక్కడని అడిగాడు. కృష్ణానది ఒడ్డున, అమరావతికి దగ్గర అన్నాము. ఆయన ముఖం వెలిగిపోయింది. లాసాలో 1416లో స్థాపించిన ద్రెపుంగు మఠానికి ఆ పేరు మన ధాన్యకటకానికి అనువాదమేనట. వడ్ల రాశి అని అర్థం. కాలచక్ర బోధ మొదట జరిగింది ధాన్యకటకంలోనేనని వారి విశ్వాసం. 2006 జనవరిలో దలైలామా అమరావతికి వచ్చి కాలచక్ర ఉత్సవం జరిపినప్పుడు తాను కూడా వచ్చానని, అక్కడి ఎండకు జనవరిలోనే చెమటలు పట్టాయని చెప్పాడు. విజయవాడ బస్సు స్టాండులో తిన్న ఇడ్లీ ఆయనకు ఇంకా గుర్తుంది. మా ఊరి పేరుతో తన మఠాన్ని పిలుచుకునే మనిషిని మేము అంత దూరం పోయి కలుసుకొన్నాము.

మూడవ వారం పాఠం మిగిలినవాటి కన్నా బరువైనది. అక్కడివారికి కంప్యూటరు ప్రమాదం కట్టుకథ కాదు. 2009 మార్చిలో టొరంటో విశ్వవిద్యాలయ పరిశోధకులు ఘోస్ట్‌నెట్ అనే గూఢచర్య వలను బయటపెట్టారు. 103 దేశాలలో 1,295 కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. ఆ పరిశోధన మొదలైనదే దలైలామా కార్యాలయపు కంప్యూటర్ల నుంచి. తెలిసినవారి పేరుతో వచ్చిన ఉత్తరానికి జతచేసిన ఫైలు తెరిస్తే చాలు, ఆ కంప్యూటరు పరాయివారి చేతికి పోయేది. ఆ తరువాత టిబెటన్ యువకులు ఒక ప్రచారం నడిపారు. ఇంగ్లీషులో అటాచ్‌మెంట్ అంటే జతచేసిన ఫైలు, మమకారం కూడా. బుద్ధుడు వదులుకొమ్మన్న ఆ రెండవదాని పేరుతోనే మొదటిదాన్ని కూడా వదులుకొమ్మని చెప్పారు. భిక్షువులకు ఇంతకన్నా బాగా ఎక్కే పాఠం ఉండదు.

భిక్షుణి తన చిన్ననాటిని గురించి ఒక పేజీ రాసింది. ఎనిమిదేళ్ళ వయసులో పిన్ని ఆమెను దారి చూపేవారి చేతిలో పెట్టి కొండలు దాటించింది. పిన్ని అక్కడే ఉండిపోయింది. పేజీ తలమీద పిన్ని ఫోటో, వెనుక ఇల్లు, ముంగిట కుక్క. పదకొండు పేజీలలో అదే బాగున్నదని అందరూ అన్నారు. మరునాడు పేజీలను లోకానికి తెరవవలసి ఉండగా, ఆమె తెల్లవారుజామునే వచ్చి ఫోటో తీసివేసింది. తరువాత పిన్ని పేరు, ఊరి పేరు, కొండ పేరు, ప్రయాణం చేసిన సంవత్సరం. ఒక్కొక్కటి తీసివేసిన కొద్దీ మాకు చూపి, "ఇంకా గుర్తుపట్టగలరా?" అని అడిగింది. చివరకు పేజీలో మిగిలినది పిన్ని కాచే ఉప్పు టీ రుచి ఒక్కటే. అలాగే తెరిచింది. ఒకసారి వెబ్‌లో పెట్టినదాన్ని ఎవరు ఎక్కడ నకలు తీసి దాచుకుంటారో చెప్పలేము, తరువాత తుడిచినా అది పోదు. ఈ మాట మేము పాఠంగా చెప్పాము. ఆమెకు అది పిన్ని ఇంటి తలుపు మీద పోలీసు చప్పుడు.

నాలుగు వారాల చివర ఆ కార్యాలయపు కొత్త వెబ్‌సైటు మూడు పేజీలు మాత్రమే ఉంది. రంగులు మాకు నచ్చలేదు. తాళంచెవులలో ఒక్కటి కూడా మా చేతికి రాలేదు గనుక తిరిగి ఇవ్వవలసిన పనీ లేకపోయింది.

విజయవాడకు వచ్చిన తరువాత, కూచిపూడికి చెందిన మా పాత విద్యార్థి ఒకడు ఈ సంగతులన్నీ విని, "మా ఊరికి కూడా రండి సార్" అన్నాడు. కూచిపూడి ప్రవాస సమాజం కాదు గదా అనుకున్నాము. అయితే ఊరిని చూస్తే ఆ మాట పూర్తిగా నిజం కాదనిపించింది. వెంపటి చినసత్యం గారు 1963లో మద్రాసులో అకాడమీ పెట్టిన కాలం నుంచి ఊరి విద్య ఊరి బయటే ఎక్కువగా పెరిగింది. ఇప్పుడు అమెరికాలో ఏ నగరానికి వెళ్ళినా ఈ పేరుతో పాఠశాల ఉంటుంది. 2016 డిసెంబరులో విజయవాడ స్టేడియంలో ఆరు వేల మందికి పైగా ఒకేసారి ఈ నాట్యం చేసి గిన్నిస్ రికార్డు నెలకొల్పారు. అది జరిపిన సిలికానాంధ్ర కాలిఫోర్నియాలో 2001లో పుట్టిన తెలుగువారి సంస్థ. అదే సంస్థ కూచిపూడిని దత్తత తీసుకొని, ప్రవాసుల విరాళాలతో ఇక్కడ సంజీవని వైద్యాలయం కట్టింది. ధర్మశాలకు వలె ఇక్కడికి కూడా సహాయం సముద్రాలు దాటి వచ్చింది. ఆసుపత్రి మంచి పని. చుట్టుపక్కల ఊళ్ళవారు విజయవాడ దాకా పోనక్కరలేకుండా వైద్యం పొందుతున్నారు. కాని ఫోనులో కూచిపూడి అని వెతికితే లోకమంతా మాట్లాడుతుంది, ఊరు మాత్రం పెద్దగా మాట్లాడదు. ఎక్కడో ఉన్నవారు రాసిన చరిత్ర, ఎక్కడో ఉన్నవారు పెట్టిన ఫోటోలు. ఊరిలో ఉన్నవారు తమ నోటితో చెప్పుకొన్నది మాకు చాలా తక్కువగా కనిపించింది.

పది ఆదివారాలూ ఒక పాత పెంకుటింటి వసారాలో తరగతి నడిచింది. అట్టల పుస్తకం ఇక్కడా తెప్పించాము. మృదంగం వాయించే కుర్రవాడు, రంగస్థలానికి కిరీటాలు, భుజకీర్తులు చేసే ఇంటివాడు, డిగ్రీ చదివే అమ్మాయిలు నలుగురు, ఇంకా పామర్రు వైపు నుంచి సైకిలు మోటారు మీద వచ్చే దర్జీ చాచా, ఆయన పదవ తరగతి కూతురు. చాచా నలభై ఏళ్ళుగా నాట్యం దుస్తులు కుడుతున్నాడు. విసనకర్ర మడతలు ఆయన కుట్టినవి విప్పుకొంటే గుడ్డ చప్పుడే వేరని మృదంగం కుర్రవాడు చెప్పాడు.

లిపి బాధ కూచిపూడిలోనూ ఎదురైంది. ఊరిలో ఒక గురువుగారి ఇంట్లో తాతగారి చేతిరాత యక్షగానం నోటు పుస్తకం ఉంది. చెదలు పడతాయన్న భయంతో దాన్ని చాలా ఏళ్ళ కిందట డబ్బిచ్చి కంప్యూటరులో టైపు చేయించారు. ఆ రోజులలో తెలుగుకు ఒక్కొక్క టైపు కేంద్రానిది ఒక్కొక్క ఖతి. ఇప్పుడు ఆ ఫైలు తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, బ్రాకెట్లు కలగలిసిన గజిబిజి. ఖతి పేరు ఎవరికీ గుర్తు లేదు. టైపు చేసిన కేంద్రం మూతపడింది. చెదలు తింటాయనుకొన్న నోటు పుస్తకం మాత్రం చక్కగా చదవడానికి వస్తున్నది. డిగ్రీ అమ్మాయిలు దాన్ని యూనికోడ్‌లో మళ్ళీ టైపు చేయడం మొదలుపెట్టారు, వారానికి నాలుగు పుటల చొప్పున. ఆ పుస్తకం వెబ్‌లో పెట్టాలా వద్దా అన్నది గురువుగారు ఇంకా తేల్చలేదు. తేల్చవలసినది ఆయనే గనుక మేము రెండవసారి అడగలేదు.

ఊరి కుటుంబాల పేజీ దగ్గర మాత్రం రెండు ఆదివారాలు గడిచిపోయాయి. ఎవరి ఇంటిపేరు ముందు రావాలి? వయసును బట్టి అన్నారు, బిరుదులను బట్టి అన్నారు. అకారాది క్రమం పెడదామంటే, హకారంతో మొదలయ్యేవారు ఎప్పటికీ అడుగునే ఉండాలా అని ఒకరు అడిగారు, న్యాయమైన ప్రశ్నే. 1763లో పంపకపత్రం రాసినవారు ఎన్ని పూటలు కూర్చొని ఉంటారోనని మేము అనుకున్నాము. చివరకు పేజీ తెరిచిన ప్రతిసారీ ఇంటిపేర్ల వరుస దానంతట అదే మారేటట్టు మృదంగం కుర్రవాడు నాలుగు వరుసల కోడు రాశాడు. వాదం ఆగింది. అతడు తరగతిలో సొంతంగా రాసిన మొదటి కోడు అదే.

చాచా పని వేరు. ఆయన కుట్టిన దుస్తులు అమెరికాకూ సింగపూరుకూ పోతున్నాయి, కాని మధ్యవర్తుల చేతుల మీదుగా. ఆయనకు కూలి ముడుతుంది. అక్కడ ఎంతకు అమ్ముతున్నారో ఒక కొనుగోలుదారు ఫోనులో చెబితే గాని ఆయనకు తెలియలేదు. ఆ సంఖ్య విని ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తన పేజీలో ఆయనకు కావలసినవి మూడే: తన పేరు, తన ధర, కొలతలు ఎలా తీయాలో చూపే బొమ్మ. కూతురే బొమ్మ గీసింది. ధర దగ్గర తండ్రీ కూతుళ్ళకు పడలేదు. అమెరికాలో పలికే ధరలో సగమైనా పెట్టమని ఆమె, అంత పెడితే ఈ చుట్టుపక్కల పేద పిల్లలు ఎలా కొంటారని ఆయన. రెండు ధరలు పెట్టవచ్చునని మేము చెప్పలేదు. ఆ అమ్మాయే మరుసటి వారం ఆ మాటతో వచ్చింది.

అట్టల పుస్తకంలో ఆయన గడి నింపే రోజున చాచా అడిగాడు: "ఏటా కట్టాలంటున్నావు కదమ్మా. రేపు నేను పోతే ఈ చిరునామా ఎవరికి పోతుంది? మిషను, కత్తెర, బట్ట అన్నీ వారసుల లెక్కలోకి వస్తాయి. ఇదీ వస్తుందా?" కౌలు పత్రంలో పేరు ఎవరిదో వారిదే అవుతుందని, రెండవ తాళంచెవి ఉన్నవారు గడువులోగా కట్టుకొంటే నిలుస్తుందని చెప్పాము. ఆయన కాసేపు ఆలోచించి, రెండవ గడిలో కూతురి పేరు రాయించాడు. ఇద్దరు కొడుకులు ఉన్నారు కదా అని పక్కనున్నవారు అంటే, "కొలతలు దానికి తెలుసు" అన్నాడు. గడువు తేదీ సంక్రాంతి తరువాతి వారంలో పడేటట్టు చూడమన్నాడు, అప్పుడే చేతిలో నాలుగు డబ్బులు ఆడతాయని. రెండేళ్ళకు ఒకేసారి కట్టాడు.

పదవ ఆదివారం మేము వెళ్ళేసరికి ఆ అమ్మాయి వసారాలో అప్పటికే కూర్చొని, కొలతల బొమ్మలో నడుము గీత మార్చుతూ ఉంది. మొదటి ఆర్డరు వచ్చిందట, హైదరాబాదు నుంచి, ఒక చిన్న పాపకు. వారు అంగుళాలకు బదులు సెంటీమీటర్లు పంపారు.